ట్రాఫిక్ పరిశోధనకు ఏ పద్ధతి? సాఫ్ట్‌వేర్ ఖాయం చేసుకునే ముందు చూడాల్సిన పోలిక

రవాణా రంగంలో పరిశోధన మొదలుపెట్టేవాళ్లు చాలామంది ముందు సాఫ్ట్‌వేర్ ఖాయం చేసుకుని, తర్వాత దానికి సరిపోయే ప్రశ్న వెతుక్కుంటారు. ల్యాబ్‌లో విస్సిమ్ (ట్రాఫిక్‌ను కంప్యూటర్‌లో నడిపి చూపే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ ఉంటే విస్సిమ్. సీనియర్ అలాంటిదే అయిన సుమోలో చేసి ఉంటే సుమో. పైథాన్ బాగా వచ్చినవాళ్లయితే నేరుగా న్యూరల్ నెట్‌వర్క్. మోడల్ నడుస్తుంది, రంగురంగుల బొమ్మలూ వస్తాయి. వైవాలో "మీరు అడిగిన ప్రశ్నకు ఇది జవాబేనా?" అన్నప్పుడు మాత్రం నోరు పెగలదు.

ఎక్కువగా వాడుకలో ఉన్న ఆరు పద్ధతులను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూద్దాం. ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్ల కోసం రాస్తున్నాను. ఉద్యోగం చేస్తూ పరిశోధన చేసే ఇంజినీర్లకూ పనికొస్తుంది.

## ముందు ఏం చూసుకోవాలి

నా లెక్కలో అన్నిటికంటే బరువైన ప్రమాణం ఇది: మీ ప్రశ్నలో ఏది మారుతుందా అని చూస్తున్నారో, అది మోడల్ లోపల మారగలగాలి. బయటి నుంచి మీరే ఇచ్చిన అంకె గురించి మోడల్ మీకు కొత్తగా ఏమీ చెప్పలేదు.

రోడ్డు వెడల్పు చేస్తే రద్దీ తగ్గుతుందా అన్న ప్రశ్నే తీసుకోండి. వాహనాల సంఖ్యను మార్చకుండా సిమ్యులేషన్‌లో ఒక లేన్ కలిపితే రద్దీ తగ్గినట్టే కనిపిస్తుంది. బయట జరిగేది వేరు. ఖాళీ కనిపించగానే కొత్త ప్రయాణాలు పుడతాయి, వేరే దారుల్లో వెళ్లేవాళ్లు ఇటు వస్తారు, పొద్దున్నే బయల్దేరేవాళ్లు కాస్త ఆలస్యంగా బయల్దేరతారు. ఆంథొనీ డౌన్స్ ఈ మాట 1962లోనే అన్నారు. డ్యురాంటన్, టర్నర్ 2011లో అమెరికా నగరాల గణాంకాలతో చూపించింది ఏమిటంటే, ఇంటర్‌స్టేట్ రోడ్ల (అక్కడి జాతీయ స్థాయి హైవేల) లేన్ పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే శాతం పెరుగుతుంది. డిమాండ్‌ను, అంటే ప్రయాణించాలనుకునే వాహనాల సంఖ్యను, కదలకుండా కట్టేసిన మోడల్‌లో ఇది ఎప్పటికీ కనపడదు. అంటే జవాబు మోడల్ నడపకముందే తేలిపోయినట్టే.

తర్వాత చూడాల్సింది స్కేలు. మీ ప్రశ్న ఒక జంక్షన్‌దా, కారిడార్‌దా, నగరం మొత్తానిదా? సెకన్లలో తేలేదా, 20 ఏళ్లకు తేలేదా?

మూడోది డేటా. దొరకొచ్చు అనుకునే డేటా కాదు, ఇప్పుడు చేతిలో ఉన్నదీ లేదా మీ సొంత కష్టంతో సేకరించగలిగేదీ. "డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇస్తామన్నారు" అన్న భరోసా మీద థీసిస్ కట్టుకోవద్దు.

నాలుగోది చాలామంది చివరి దాకా పట్టించుకోరు: మోడల్ సరిగ్గా ఉందో లేదో చూడడానికి, దాన్ని సరిదిద్దడానికి వాడని వేరే డేటా మిగులుతుందా? ఉన్న డేటా అంతా సరిదిద్దడానికే (కాలిబ్రేషన్) అయిపోతే సరిచూడడానికి (వ్యాలిడేషన్) ఏమీ మిగలదు. సమయం, లైసెన్స్ ఖర్చు, కోడింగ్ ఇవన్నీ ఆ తర్వాతే.

| పద్ధతి | మోడల్ లోపల మారేది | బయటి నుంచి ఇచ్చేది | ముఖ్యమైన డేటా | ఒక్కరే చేయాలంటే |
|---|---|---|---|---|
| నాలుగు దశల మోడల్ | ఎక్కడికి, దేంట్లో, ఏ దారిలో | జనాభా, భూవినియోగం, సాధారణంగా బయల్దేరే వేళ కూడా | ఇంటింటి సర్వే, జోన్ల లెక్కలు, నెట్‌వర్క్ | రెడీ డేటా ఉంటేనే |
| ఛాయిస్ మోడల్ | వ్యక్తి ఎంపిక | రోడ్ల పరిస్థితి, ప్రయాణ సమయాలు | సర్వే | హాయిగా చేయొచ్చు |
| ఏజెంట్ ఆధారిత మోడల్ | దారి, వేళ, సాధనం | జనాభా, రోజువారీ పనుల చిట్టా | సింథటిక్ జనాభా, డైరీ సర్వే | చాలా కష్టం |
| మైక్రో సిమ్యులేషన్ | వేగం, గ్యాప్, లేన్ మార్పు, క్యూ | సాధారణంగా డిమాండ్ మొత్తం | కౌంట్లు, సిగ్నల్ టైమింగ్, ప్రయాణ సమయం | చిన్న ఏరియాకు వీలవుతుంది |
| ప్రవాహ సిద్ధాంతం | సాంద్రత, ప్రవాహం, క్యూ పొడవు | డిమాండ్, రోడ్డు గుణాలు | డిటెక్టర్ డేటా కొంత | గణితం వస్తే తేలిక |
| మెషీన్ లెర్నింగ్ | రాబోయే వేగం లేదా ప్రవాహం అంచనా | గతంలోని తీరు అలాగే ఉంటుందన్న నమ్మకం | పొడవాటి సెన్సర్ రికార్డు | మొదలుపెట్టడం తేలిక |

## నాలుగు దశల మోడల్

1950ల్లో డెట్రాయిట్, షికాగో నగరాల అధ్యయనాల్లో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. నగరాన్ని జోన్లుగా విడగొట్టి, ఒక్కో జోన్ నుంచి ఎన్ని ప్రయాణాలు పుడతాయి, అవి ఎక్కడికి వెళ్తాయి, ఏ వాహనంలో, ఏ దారిలో అన్నవే నాలుగు దశలు. పాతబడిందని ఎంతమంది అన్నా, ప్రణాళికా సంస్థలు ఇప్పటికీ దీన్ని వదల్లేదు. కొత్త రైలు మార్గానికి మూడు ప్రత్యామ్నాయాలుంటే వాటిని 20 ఏళ్ల అంచనాతో పోల్చడానికి ఈ ఆరింటిలో ఇంతకంటే అనువైనది లేదు.

దీని బలహీనత ఎక్కడుందో చివరి దశలో వాడే ఫార్ములా చూస్తే తెలుస్తుంది. 1964 నాటి బీపీఆర్ (అమెరికా రోడ్ల శాఖ) ఫార్ములా ప్రకారం రోడ్డు మీద వాహనాలు కెపాసిటీకి సరిగ్గా సమానమైతే ప్రయాణ సమయం 15 శాతం పెరుగుతుంది. కెపాసిటీకి 1.3 రెట్లు ఎక్కించండి, సుమారు 43 శాతం పెరుగుతుంది, అంతే. నిజానికి కెపాసిటీకి మించి ఒక్క వాహనం కూడా ఆ రోడ్డు దాటలేదు. మిగిలినవి వెనక క్యూలో నిలబడతాయి, ఆ క్యూ నిమిషనిమిషానికీ పెరుగుతుంది, వెనకున్న జంక్షన్‌ను కూడా మూసేస్తుంది. ఈ ఫార్ములాలో క్యూ అన్నదే లేదు. అందుకే సిగ్నల్ టైమింగ్, క్యూ వెనక్కి పాకడం, పీక్ అవర్ విస్తరించడం లాంటి ప్రశ్నలకు ఈ పద్ధతి పనికిరాదు.

థీసిస్‌గా తీసుకోదలిస్తే మోడల్ మొత్తం కట్టే పని పెట్టుకోవద్దు. ఉన్న మోడల్‌లో ఒక దశను పట్టుకుని మెరుగుపరచడం ఒక్కరితో అయ్యే పని. అసైన్‌మెంట్ దశ (ఏ దారిలో వెళ్తారన్నది) మీద ఆసక్తి ఉంటే, దారి మార్చుకుని ఎవరూ సమయం ఆదా చేసుకోలేని స్థితి గురించి వార్డ్‌రాప్ 1952లో చెప్పిన సమతుల్య సూత్రం నుంచి, కొత్త రోడ్డు వేస్తే అందరి ప్రయాణమూ ఆలస్యమయ్యే పరిస్థితి ఉంటుందని 1968లో బ్రేస్ చూపిన వైపరీత్యం దాకా చదవదగ్గది బోలెడుంది.

## ఛాయిస్ మోడల్

బస్సా, బండా, మెట్రోనా అన్న నిర్ణయాన్ని మనిషి ఎలా తీసుకుంటాడన్నది దీని విషయం. డేనియల్ మెక్‌ఫాడెన్‌కి 2000లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది ఈ పద్ధతికే. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైలు మొదలవకముందు, ఉద్యోగ ప్రయాణాల్లో దాని వాటా 15 శాతం ఉంటుందని అధికారిక అంచనా. మెక్‌ఫాడెన్ బృందం 6.3 శాతం అంది. తీరా రైలు నడిచాక తేలింది 6.2. అంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. ఆ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఈ ముక్క వదిలేస్తారు.

ఒంటరిగా, తక్కువ ఖర్చుతో, చెప్పిన గడువులో పూర్తి చేయాలంటే ఈ ఆరింటిలో నా మొదటి ఓటు దీనికే. సర్వే మీ చేతుల్లో ఉంటుంది. బయోజీమ్, అపోలో లాంటి ఉచిత టూల్స్ ఉన్నాయి. చిక్కు వచ్చేది సర్వేలోనే: "ఇలాంటి బస్సు వస్తే ఎక్కుతారా?" అంటే సరేననేవాళ్లందరూ రేపు ఎక్కరు. వీలైతే ఊహాత్మక ప్రశ్నలతో పాటు వాళ్లు నిన్న నిజంగా ఎలా వెళ్లారో కూడా అడిగి, రెండూ కలిపి అంచనా కట్టండి. అలాగే ఛాయిస్ మోడళ్లలో సరళమైన మల్టీనామియల్ లాజిట్‌తో మొదలుపెట్టడంలో తప్పు లేదు గానీ, దాదాపు ఒకేలాంటి రెండు బస్సు సర్వీసులను అది రెండు వేర్వేరు సాధనాలుగా లెక్కేసి బస్సుల వాటా పెంచి చూపిస్తుంది. అలాంటి చోట, ఒకేలాంటివాటిని ఒక గుంపుగా చూసే నెస్టెడ్ లాజిట్‌కి వెళ్లక తప్పదు.

## ఏజెంట్ ఆధారిత మోడల్

ఇందులో నగరంలోని ప్రతి మనిషికీ ఒక దినచర్య ఉంటుంది. పిల్లల్ని బడిలో దింపి, ఆఫీసుకెళ్లి, తిరిగొస్తూ సరుకులు తెచ్చుకునే మనిషి రాత్రికి తన రోజు ఎలా గడిచిందో మార్కులేసుకుంటాడు. మర్నాడు కాస్త ముందు బయల్దేరడమో, దారి మార్చడమో చేస్తాడు. ఇలా వందల సార్లు తిప్పితే ఒక స్థిరమైన స్థితి వస్తుంది. ఉచితంగా దొరికే మ్యాట్‌సిమ్ పనిచేసేది ఇలాగే.

రద్దీ వేళల్లో రుసుము పెడితే ఎవరు వేళ మార్చుకుంటారు, ఎవరు సాధనం మార్చుకుంటారు, భారం ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్నలకు ఇంతకంటే సరైన పనిముట్టు లేదు. స్టాక్‌హోమ్‌లో 2006 తొలి ఏడు నెలల ప్రయోగంలో రుసుము గీత దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. ఆ తగ్గిన ప్రయాణాలు ఎటు పోయాయో మనిషి స్థాయిలో వెతకాలంటే జోన్ల సగటులు చాలవు.

ఖర్చు మాత్రం మామూలుగా ఉండదు. సింథటిక్ జనాభా (నగర జనాభాను పోలిన కృత్రిమ మనుషుల జాబితా) తయారు చేయడానికే ఒక ఏడాది పోవచ్చు. సొంత నగరానికి సున్నా నుంచి కడతానని ఒక్కరే దిగితే కాలమంతా కట్టడానికే సరిపోతుంది, పరిశోధనకు మిగలదు. బెర్లిన్‌కి కట్టిన మ్యాట్‌సిమ్ నమూనా బహిరంగంగా దొరుకుతుంది. అలాంటిదాని మీద కొత్త విధానాన్నో, కొత్త అల్గారిథమ్‌నో పరీక్షించడం తెలివైన పని. మ్యాట్‌సిమ్‌లో కొత్తవి జోడించాలంటే జావా రావాలన్నది గుర్తుంచుకోండి.

## మైక్రో సిమ్యులేషన్

విద్యార్థులు ఎక్కువగా ఎంచుకునేదీ, ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఒక్కో వాహనం ముందున్న వాహనాన్ని చూసి వేగం ఎలా మార్చుకుంటుందన్నదే దీని గుండెకాయ. విస్సిమ్‌లో వీడెమన్ 1974 నాటి మోడల్, జర్మనీ ఏరోస్పేస్ కేంద్రం అభివృద్ధి చేస్తున్న సుమోలో క్రాస్ మోడల్ డిఫాల్ట్‌గా ఉంటాయి. సిగ్నల్ టైమింగ్, బస్సులకు ప్రాధాన్యం, జంక్షన్ ఆకారం మార్చడం లాంటి ప్రశ్నలకు ఇదే సరైనది. సుమో ఉచితం, కోడ్ విప్పి చూసుకోవచ్చు, పైథాన్‌తో నడిపించొచ్చు. విస్సిమ్‌లో చేతితో గీసుకోవడం తేలిక, కన్సల్టెన్సీల్లో దాని పేరే ఎక్కువగా వినిపిస్తుంది, లైసెన్స్‌కి డబ్బు కట్టాలి. పేపర్లే లక్ష్యమైతే సుమో, ఉద్యోగం లక్ష్యమైతే విస్సిమ్ అని స్థూలంగా చెప్పొచ్చు.

ఇక పొరపాట్ల సంగతి. పీక్ అవర్‌లో జంక్షన్ దగ్గర నిలబడి వాహనాలు లెక్కపెడితే గంటకు 1,200 వచ్చాయనుకుందాం. అది డిమాండ్ అనుకుని మోడల్‌కి ఇచ్చేస్తారు. వెనక అరకిలోమీటరు క్యూ ఉంటే ఆ 1,200 డిమాండ్ కాదు, ఆ జంక్షన్ దాటించగలిగినది. అసలు డిమాండ్ తెలియాలంటే క్యూ తోకకు ఆవల లెక్కపెట్టాలి, లేదా గంట మొదట్లో, చివర్లో క్యూ పొడవు కొలిచి కలుపుకోవాలి. ఇది చేయని మోడల్‌లో రద్దీయే ఉండదు, కాబట్టి ఏ మార్పు చేసినా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

రెండోది నెట్‌వర్క్ అంచు దగ్గర జరుగుతుంది. క్యూ మోడల్ సరిహద్దు దాకా పాకితే కొత్త వాహనాలకు లోపలికి వచ్చే చోటుండదు. అవి బయట కనపడకుండా వేచి ఉంటాయి. సుమోలో ఆ నిరీక్షణ "డిపార్ట్ డిలే" అని విడిగా నమోదవుతుంది, ప్రయాణంలో పోయిన సమయం లెక్కలో కలవదు. పైగా ఒక వాహనం 300 సెకన్లు కదలకుండా ఉంటే సుమో డిఫాల్ట్‌గా దాన్ని అక్కణ్నుంచి ఎత్తి ముందుకు దింపేస్తుంది. ఈ రెండూ చూసుకోకపోతే రద్దీ ఎంత ఎక్కువైతే ఫలితాలు అంత అందంగా వస్తాయి! ఎన్ని వాహనాలు లోపలికి రాలేదు, ఎన్ని టెలిపోర్ట్ అయ్యాయి అన్న రెండు అంకెలు ప్రతి ఫలితం పక్కనా రాయండి.

మూడోది కాలిబ్రేషన్ సరిపోయిందనే భ్రమ. జీఈహెచ్ (మోడల్ కౌంటుకూ అసలు కౌంటుకూ ఎంత తేడా ఉందో చెప్పే అంకె) విలువ 85 శాతం లింకుల్లో, అంటే రోడ్డు ముక్కల్లో, 5 కంటే తక్కువుంటే చాలని అందరూ రాస్తారు. రోడ్డు మీద 1,000 వాహనాలుంటే మోడల్ 1,160 చూపించినా జీఈహెచ్ 4.9 దగ్గరే ఆగుతుంది, పాస్. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది: ప్రవాహం సరిపోయినంత మాత్రాన రద్దీ సరిపోయినట్టు కాదు. గ్రీన్‌షీల్డ్స్ 1930ల్లోనే చూపించినట్టు, ఒకే ప్రవాహం రెండు స్థితుల్లో వస్తుంది: కొన్ని వాహనాలు వేగంగా పోతున్నప్పుడూ, చాలా వాహనాలు నత్తనడక నడుస్తున్నప్పుడూ. కాబట్టి ప్రయాణ సమయమో, క్యూ పొడవో లేకుండా కౌంట్లతోనే చేసిన కాలిబ్రేషన్‌ను రివ్యూయర్ నమ్మకపోతే తప్పు వాళ్లది కాదు.

వరసలు పాటించని, రకరకాల వాహనాలు కలగలిసిన ట్రాఫిక్‌ను అధ్యయనం చేసేవాళ్లకు ఇంకో మెట్టు ఉంది. ముందు వాహనాన్ని మాత్రమే చూసే మోడల్ అక్కడ సరిపోదు. సుమోలో ఒకే లేన్‌లో వాహనాలు పక్కపక్కన నడిచేలా చేసే సబ్‌లేన్ మోడల్ కొంతవరకు ఆదుకుంటుంది. డ్రోన్ వీడియో నుంచి వాహనాల జాడలు తీయగలిగితే మీ థీసిస్‌కి అదే అసలు ఆస్తి. ఏథెన్స్‌లో 2018లో డ్రోన్లతో తీసిన పీన్యూమా డేటాను చూస్తే ఏ స్థాయిలో చేయొచ్చో అర్థమవుతుంది. అంతకుముందు అందరూ వాడిన, 2005 ప్రాంతంలో అమెరికాలో తీసిన ఎన్‌జీసిమ్ డేటాలో కొలత లోపాలున్నాయి. శుభ్రం చేయకుండా వాడొద్దు.

## ప్రవాహ సిద్ధాంతం

లైట్‌హిల్, విథమ్ 1955లో, రిచర్డ్స్ 1956లో ట్రాఫిక్‌ను ద్రవంలా చూసి సమీకరణాలు రాశారు. డగాంజో 1994లో దాన్ని, రోడ్డును చిన్న ముక్కలుగా (సెల్) చూసే, కంప్యూటర్‌కి ఎక్కే సెల్ ట్రాన్స్‌మిషన్ మోడల్‌గా మార్చారు. నగరంలో ఒక పెద్ద ప్రాంతం మొత్తానికీ వాహనాల సంఖ్యకూ ప్రవాహానికీ మధ్య ఒక స్థిరమైన వక్రరేఖ ఉంటుందని జెరోలిమినిస్, డగాంజో 2008లో యోకోహామా డేటాతో చూపించారు. ప్రాంతం నిండిపోకముందే సరిహద్దు సిగ్నళ్ల దగ్గర ఆపే నియంత్రణ పద్ధతులకు అదే ఆధారం.

పరామితులు తక్కువ, కాబట్టి ఏది దేనివల్ల జరిగిందో చెప్పగలరు. పరిమితులు కూడా దాచుకోకుండా బయటపడతాయి. వెబ్‌స్టర్ 1958 నాటి సిగ్నల్ సూత్రాన్నే చూడండి: సిగ్నల్ మారేటప్పుడు పోయే వృథా సమయాన్ని 1.5తో గుణించి 5 కలిపి, దాన్ని ఒకటి మైనస్ మొత్తం ప్రవాహ నిష్పత్తితో (వచ్చే వాహనాలు, దాటించగలిగినవాటిలో ఎంత వంతు) భాగిస్తే సరైన సిగ్నల్ సైకిల్ (లైట్లు ఒక చుట్టు తిరిగే సమయం) వస్తుంది. వృథా 12 సెకన్లు, నిష్పత్తి 0.8 అయితే 115 సెకన్లు. నిష్పత్తి 0.9కి చేరితే 230. అంటే జంక్షన్ నిండేకొద్దీ సూత్రం చేతులెత్తేస్తుంది, అక్కణ్నుంచి వేరే నియంత్రణ కావాలని అదే చెప్తోంది. గణితం అంటే టెన్షన్ పడేవాళ్లు ఇటు రావొద్దు, ఇష్టపడేవాళ్లు వేరే చోటికి పోవాల్సిన పనే లేదు.

## మెషీన్ లెర్నింగ్

వచ్చే 15 నిమిషాల్లో వేగం ఎంతుంటుంది, చెడిపోయిన సెన్సర్ దగ్గర ఖాళీలు ఎలా నింపాలి, ప్రమాదం జరిగిందని ఎంత తొందరగా పసిగట్టొచ్చు: వీటికి ఇదే దారి. డేటా కూడా ఉచితంగా దొరుకుతుంది. లాస్ ఏంజెలెస్ రోడ్ల మీద 207 సెన్సర్లు 2012లో నాలుగు నెలలపాటు ఐదేసి నిమిషాలకు నమోదు చేసిన మెట్ర్-ఎల్‌ఏ డేటా మీద లెక్కలేనన్ని పేపర్లు వచ్చాయి. కొత్తగా వచ్చేవాళ్లకు అదే సమస్య. తప్పిదంలో దశాంశ స్థానం తర్వాత రెండో అంకె తగ్గించడానికి ఏడాది పోస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

దిగాలనుకుంటే మూడు జాగ్రత్తలు. "ఇప్పుడున్న వేగమే ఐదు నిమిషాల తర్వాతా ఉంటుంది", "గత వారం ఇదే వేళ ఎంతుందో అంతే" అన్న రెండు తేలికపాటి అంచనాలతో మీ నెట్‌వర్క్‌ను ముందు పోల్చండి. డేటాను యాదృచ్ఛికంగా కాకుండా కాలక్రమంలో విడగొట్టండి, లేదంటే రేపటి సమాచారం శిక్షణలోకి జారిపోతుంది. మెట్ర్-ఎల్‌ఏలో సున్నా అంటే ఆగిపోయిన వాహనాలు కాదు, చాలాసార్లు రీడింగ్ లేదని అర్థం.

ఒక లేన్ మూసేస్తేనో, ఛార్జీ పెంచితేనో ఏమవుతుందని మాత్రం ఈ మోడళ్లను అడగొద్దు. గతంలో జరగనిది వాటికి తెలియదు. సిగ్నళ్లను రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో (చేసి చూసి, ఫలితాన్ని బట్టి నేర్చుకునే పద్ధతి) నడపడం వేరే సంగతి, అక్కడ నేర్చుకునేది సిమ్యులేటర్ లోపల. పోలికకు మాత్రం సరిగ్గా ట్యూన్ చేసిన ఫిక్స్‌డ్ టైమ్ ప్లాన్‌నూ, వరయ్య 2013లో ప్రతిపాదించిన, క్యూల ఒత్తిడి ఎక్కువున్న వైపు గ్రీన్ ఇచ్చే మాక్స్ ప్రెషర్ పద్ధతినీ పెట్టుకోండి. నాసిరకం ప్లాన్‌ను ఓడించి గెలిచామంటే ఎవరూ ఒప్పుకోరు.

## ఎవరికి ఏది

ఏడాదిలో ముగించాల్సిన ఎంటెక్ విద్యార్థికి ఛాయిస్ మోడల్, లేదా ఒకే జంక్షన్ మీద మైక్రో సిమ్యులేషన్. రెండోదైతే పది జంక్షన్లకు ఎగబాకొద్దు. ఒకదాన్ని క్యూలతో సహా కొలిచి, వేర్వేరు ర్యాండమ్ సీడ్లతో (ప్రతి పరుగులోనూ యాదృచ్ఛికత మారేలా ఇచ్చే అంకెలు) నడిపి, ఫలితాల మధ్య తేడా సీడ్ల మధ్య తేడా కంటే పెద్దదేనని చూపించగలిగితే చాలు.

పీహెచ్‌డీకి మూడు నాలుగేళ్లుంటాయి కాబట్టి ఏజెంట్ మోడల్ ఆశ పుడుతుంది. ల్యాబ్‌లో ఇప్పటికే నడుస్తున్న మోడలో, అది కట్టినవాళ్లో ఉంటే వెళ్లండి. లేకపోతే ప్రవాహ సిద్ధాంతం నిలబడి పనిచేయడానికి బలమైన నేల.

ఉద్యోగంలో ఉన్న ఇంజినీర్‌కి అందరికీ దొరకని డేటా చేతికందుతుంది: సిగ్నల్ లాగ్‌లు, పాత సర్వేలు, ప్రాజెక్టుకు ముందూ తర్వాతా తీసిన కౌంట్లు. వాళ్లు కొత్త మోడల్ కట్టాల్సిన అవసరమే లేదు. పదేళ్ల కిందటి అంచనా ఏం చెప్పింది, తర్వాత ఏం జరిగింది, తేడా నాలుగు దశల్లో ఎక్కడ పుట్టింది అని వెతికితే మంచి పరిశోధన అవుతుంది. రాసేముందు ఆ డేటా ప్రచురణకు అనుమతి కాగితం మీద తీసుకోండి. కంప్యూటర్ సైన్స్ నుంచి వచ్చేవాళ్లు మెషీన్ లెర్నింగే చేస్తారు, చేయనీయండి. ఒక పూట జంక్షన్ దగ్గర నిలబడి డిటెక్టర్ ఏం లెక్కపెడుతోందో, ఏం వదిలేస్తోందో చూసి వస్తే చాలు.

రెండు పద్ధతులు కలపాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. నాలుగు దశల మోడల్ నుంచి డిమాండ్ తీసి మైక్రో సిమ్యులేషన్‌కి ఇవ్వడం మామూలే. కానీ సిమ్యులేషన్‌లో వచ్చిన ప్రయాణ సమయాలు తిరిగి పై మోడల్‌కి వెళ్లకపోతే డిమాండ్ మళ్లీ కట్టేసినట్టే. వెనక్కి పంపితే రెండూ ఒక చోట కుదురుకుంటాయన్న హామీ లేదు. ఆ కుదురుకోవడమే ఒక థీసిస్ అవుతుంది గానీ, థీసిస్‌లో ఒక అధ్యాయంగా ఇమడదు.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక పని చేయండి. మీ థీసిస్‌లో అన్నిటికంటే ముఖ్యమైన గ్రాఫ్‌ను ఇప్పుడే తెల్లకాగితం మీద గీయండి. అడ్డం గీత మీద మీరు మార్చేది, నిలువు గీత మీద దానివల్ల మారేది రాయండి. పై పట్టికలో ఏ వరసలో ఆ నిలువు గీత మీది మాట రెండో గడిలో ఉందో చూడండి. అది మూడో గడిలో కనిపిస్తే ఆ పద్ధతిని పక్కన పెట్టండి. ఏ వరసలోనూ కనిపించకపోతే ఆ కాగితం పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లండి, లైసెన్స్ కొనడానికి ముందే.